బస్సు నిండా కంటి డాక్టర్లు

మా పిన్నిని ఊళ్లో అందరూ మైకు అంటారు. వెనకాల కాదు, మొహం మీదే. టీ కొట్టు ముందు నుంచి పోతుంటే, "ఏం మైకూ, ఇవాళ ఎవరికి చూపిస్తున్నావు సముద్రం?" అని ఎవడో ఒకడు అరుస్తాడు. "నీకైతే కాదులే, నీ మొహం చూస్తే సముద్రమే వెనక్కి పోతుంది" అనేసి ఆగకుండా నడుస్తుంది. మనిషి చీపురుపుల్లలా ఉంటుంది. గొంతు మాత్రం ఇంకెవరిదో తెచ్చి పెట్టినట్టు నిండుగా, గుండ్రంగా ఉంటుంది. ఆ గొంతుతోనే ఆమె టూరిస్టు బస్సులో గైడు పని చేస్తుంది. సముద్రం పక్క రోడ్డు వెంట దీపస్తంభం, గుహలు, కూలిన పాత రేవు, చివర్లో సూర్యాస్తమయం చూసే పెద్ద బండ. రోజూ అదే దారి, రోజూ అవే రాళ్లు.

గైడు ప్రయాణికుల వైపు తిరిగి నిలబడాలని కంపెనీ నియమం. పిన్ని నిలబడదు. డ్రైవరు పక్కన ఇంజను మూత మీద అడ్డంగా కూర్చుంటుంది. సగం మొహం జనం వైపు, సగం రోడ్డు వైపు.

"ఎడమ వైపు చూడండి, రాతి గోడ మీద కొంగ. ఎడమ వైపే చూడండి, పాలబండి ఒకటి మన పక్కకి దూసుకొస్తోంది. ఈ ఊళ్లో పాలకంటే పాలవాళ్లే ముందు పొంగుతారు."

జనం నవ్వుతారు. పాలబండిలో చూసేదేముందని ఒక్కరికీ అనుమానం రాదు. ఆ మాట వాళ్ల కోసం కాదు. స్టీరింగు పట్టుకున్న మా బాబాయి కోసం. ఆయనకు పక్కలు కనపడవు.

ఈ కథలో నాకు కోపం రానిది ఎవరి మీదో చెప్పడం సులువు. ఒక ఐసు బండివాడు, ఒక డాక్టరమ్మ. మిగిలిన అందరి మీదా వచ్చింది, పిన్నీ బాబాయిలతో సహా.

పిన్ని మొదట దీపస్తంభం దగ్గర టికెట్లు చింపే పనిలో ఉండేది. పైకెక్కి దిగినవాళ్లు రొప్పుతూ, "దీని కథేంటమ్మాయ్?" అని అడిగేవాళ్లు. కథేమీ లేదు. ఎవరో కట్టారు, దీపం పెట్టారు. "ఏమీ లేదండీ" అంటే, మోసపోయినట్టు మొహాలు పెట్టేవాళ్లు. ఒకరోజు విసుగొచ్చి, దీపం కాపలావాడి కూతురు పడవెక్కి పోయినవాడి కోసం మూడేళ్లు దీపం ఆరనివ్వకుండా కూర్చుందని చెప్పేసింది. ఒక ముసలామె కళ్లొత్తుకుంది. జనానికి కావలసింది రాయి కాదు, ఆ రాయి మీద కూర్చుని ఏడ్చే మనిషి అని పిన్నికి ఆరోజు తెలిసింది. మర్నాడు మూడేళ్లు ఐదేళ్లయ్యాయి. వారం తిరిగేసరికి ఏడేళ్లు. రోజూ బస్సు తెచ్చి ఆపే డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "నిన్న ఐదన్నావుగా?" అన్నాడు. "ఆ పిల్ల ఇంకా ఎదురుచూస్తోంది, పెరగవా మరి? నీకేం నొప్పి?" అంది పిన్ని. వాళ్ల పెళ్లి అక్కడే ఖాయమైపోయిందని మా అమ్మ చెబుతుంది.

అలా అబద్ధాలతో బతికే మనిషికి అబద్ధమే రాని మొగుడు దొరికాడు. బాబాయిని షెడ్డులో నిదానం అంటారు. బండి నిదానం, మాట నిదానం. టీ కూడా చల్లారాక గానీ తాగడు. తాగుడు సంగతి చెప్పనే అక్కర్లేదు. తోటి డ్రైవర్లు పండగ చేసుకునే చోట ఈయన వాళ్ల చెప్పులకు కాపలా కాసి వచ్చేవాడు.

నేను కన్వెన్షన్ హాల్లో కుర్చీలు వేసే పని దొరికి వాళ్లింట్లో చేరినప్పటికే ఈ సంగతి మొదలైంది. ముందు తెలిసింది గుమ్మాలకు. బాబాయి ఎడమ భుజం రోజూ గుమ్మానికి తగిలేది. పక్కన పెట్టిన గ్లాసు మోచేతికి తగిలి పడేది. "ఇల్లు ఇరుకైపోయిందే" అనేవాడు. ఇల్లు ఇరుకు కాలేదు, ఆయన చూపు ఇరుకైంది. పాత పుస్తకాల కొట్లో కొన్న అట్ట ఊడిన వైద్యం పుస్తకం ఒకటి నా దగ్గరుంటే తిరగేశాను. నీటికాసులు అని ఉంది. కంట్లో ఒత్తిడి పెరిగి, కాగితం అంచుల నుంచి కాలుతూ వచ్చినట్టు చూపు అంచుల నుంచి మాడిపోతూ వస్తుంది. మధ్యలో మాత్రం చాలాకాలం శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే లైసెన్సు వాళ్లు గోడ మీద అక్షరాలు చదవమంటే బాబాయి చివరి వరుస దాకా గడగడా చదివి వచ్చాడు. పోయిన చూపు రాదు. ఉన్నది మాత్రం చుక్కల మందుతో నిలబెట్టుకోవచ్చు.

చుక్కల మందు. అంతే. అది రాసిచ్చేవాడు కావాలి, అంతే.

కానీ మా ఊళ్లో ఉన్నది ఒక్కటే కంటి ఆసుపత్రి. దానికీ బస్సు కంపెనీకీ లోపాయికారీ స్నేహం. షెడ్డులో పొడుగాయన అని ఒక డ్రైవరుండేవాడు. కన్ను మెరమెరలాడుతోందని ఆసుపత్రికి వెళ్లాడు. ఆయన ఇల్లు చేరేలోపు కబురు మేనేజరుకు చేరింది. ఇప్పుడు అదే షెడ్డులో, తను నడిపిన బస్సునే కడుగుతున్నాడు. అప్పటి నుంచి డ్రైవర్లకు కన్ను నొప్పెడితే పంటినొప్పి అని చెప్పుకుంటారు. పై ఊరికి పోవాలంటే సెలవడగాలి, సెలవడిగితే ఎందుకని అడుగుతారు. మా బాబాయి మూడేళ్లుగా ఏ కంటి డాక్టరు గుమ్మమూ తొక్కలేదు. ఆయన పక్కన పిన్ని ఇంజను మూత మీద కూర్చుని కొంగల్నీ పాలబండ్లనీ చూపించడం మొదలుపెట్టింది. ఇలా చేద్దామని ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదట. ఒకరోజు ఎడమ నుంచి వచ్చిన స్కూటరు ఆయనకు కనపడలేదు. ఆమె నోటి నుంచి "ఎడమ వైపు చూడండి" అని వచ్చింది. ఆయన బ్రేకేశాడు. మర్నాటి నుంచి అదే పద్ధతయింది.

నేను ఊరుకోలేదు. "ఇది నేరం పిన్నీ. వెనక అంతమంది కూర్చుంటారు" అన్నాను.

"తెలుసురా. అందుకే పగలు కన్నార్పను, రాత్రి కన్ను మూతపడదు. ఇంకేం చెయ్యమంటావు?"

"దిగిపోమను."

"దిగి? పొడుగాయన పక్కన గుడ్డ పట్టుకుని నిలబడమంటావా?" అని బాబాయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ఈ సీజను కానీరా" అన్నాడు గోడతో. ప్రతి సీజనుకూ అదే మాట.

అప్పుడొచ్చింది మా హాల్లో కంటి డాక్టర్ల కాన్ఫరెన్సు. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. వేదిక వెనక గోడంత బ్యానరు: ‘చిట్టచివరి మనిషి దాకా చూపు’. దాన్ని నిచ్చెనెక్కి కట్టింది నేనే. మెడలో బ్యాడ్జీలు, చేతిలో సంచులు, పక్క హాల్లో కళ్లు పరీక్ష చేసే కొత్త యంత్రాల దుకాణాలు. అధ్యక్షుడని ఒక పొడుగుచేతుల కోటు పెద్దాయన ఉన్నాడు. ఆయన చిట్టచివరి మనిషి గురించి మాట్లాడుతుంటే కుర్చీలు మోస్తున్న నేను కూడా ఆగి విన్నాను. అన్నీ అయ్యాక ఆఖరి రోజు అందరికీ సముద్రతీరం చూపిస్తారని, అందుకు బస్సు మాట్లాడారని తెలిసింది. పిన్నీవాళ్ల కంపెనీ బస్సే. వెనకబడ్డవాళ్లను పోగుచేసి బస్సెక్కించడానికి జెండా ఇచ్చి నన్ను కూడా పంపుతున్నారు.

ఇంట్లో ఈ మాట చెప్పగానే పిన్ని చేస్తున్న పని వదిలేసింది.

"పై ఊళ్ల డాక్టర్లురా! మర్నాడు ఎవరి దారిన వాళ్లు పోతారు. మేనేజరెవరో వాళ్లకు తెలీదు, వాళ్లెవరో మేనేజరుకు తెలీదు. భోజనాల దగ్గర ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆయన కళ్లు చూసి మందు పేరు చెబితే చాలు. ఆ డ్యూటీ మాకే వెయ్యమని రేపే అడుగుతా."

"నీకు మతి పోయిందా?" అన్నాడు బాబాయి. "బస్సు నిండా కంటి డాక్టర్లను ఎక్కించుకుని నేను నడపాలా? దొంగను పిలిచి పోలీసు జీపు తోలమన్నట్టుంది."

"దొంగకి రోగమొస్తే పోలీసైనా మందిప్పించాలిగా. నోరు మూసుకుని బండి నడుపు. నోరు సంగతి నేను చూసుకుంటా."

నేనూ అడ్డం పడలేదు. దీపం కింద చీకటి ఉంటుందని చదువుకున్నాను గానీ, అంత పెద్ద దీపం కింద అంత చీకటి ఉంటుందని ఊహించలేదు.

ఆ ఉదయం డాక్టర్లందరూ బాబాయి పక్కనున్న తలుపులోంచే ఎక్కారు. కొందరు ఆయన టోపీకి గుడ్ మార్నింగ్ చెప్పారు. కొందరు తమ సంచి ఆయన మోకాళ్ల మీద నుంచి లాక్కెళ్లారు. ఊరికే చూస్తే పట్టుబడే జబ్బు కాదది, నాకూ తెలుసు. అయినా అంతమంది కంటి డాక్టర్లలో ఒక్కరూ, పొరపాటుననైనా, ఒక మనిషి కళ్లలోకి చూడకుండా బస్సెక్కడం మాత్రం నేను చూశాను.

పిన్ని ఆ రోజు ఎన్నడూ లేనంత బాగా చెప్పింది. దీపస్తంభం పిల్ల ఎదురుచూపులు పదేళ్లకు పెంచింది. కుడి వైపు వలలు, ఎడమ వైపు మేకలు, మళ్లీ ఎడమ వైపు సైకిలు మీద పోతున్న పోస్టుమాను, "ఈయన ఉత్తరాలు మోయడు, ఊరి రహస్యాలు మోస్తాడు." అందరూ చప్పట్లు కొట్టారు. మేకలు దాటాయి, పోస్టుమాను బతికిపోయాడు. వెనక సీట్లో ఒక డాక్టరమ్మ మలుపు మలుపుకూ వాంతి చేసుకుంటూ, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుంది. మిగతావాళ్లు ఆమెకు నిమ్మకాయ డాక్టరమ్మ అని పేరు పెట్టి నవ్వుకున్నారు.

గుహల దగ్గర భోజనానికి ఆపినప్పుడు పిన్ని చీర సర్దుకుని అధ్యక్షుడి దగ్గరికి వెళ్లింది. నేను జెండా పట్టుకుని పక్కనే ఉన్నాను. బాబాయి సీట్లోనే కూర్చుని అద్దంలోంచి మా వైపే చూస్తున్నాడు.

"సార్, ఒక్క మాట. మావాళ్లలో ఒకాయనకి పక్కచూపు ఆనట్లేదు."

"వయసెంత?"

"యాభై దాటాయి సార్."

"షుగరుందా?"

"తెలీదు సార్."

"తెలుసుకోవాలమ్మా! ఇదే వచ్చిన చిక్కు. మీలో అవగాహన ఉండదు" అని ఆయన పళ్లెం పట్టుకున్న పక్కాయనతో అన్నాడు. "పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి."

"ఆయన ఇక్కడే ఉన్నాడు సార్. ఒక్క నిమిషం మీరు చూస్తే..."

"ఇక్కడ నేను డాక్టర్ని కాదమ్మా, టూరిస్టుని."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మంచి మాటే. ఇంకో సందర్భంలో అయితే నేనూ నవ్వేవాణ్ణి. "అది సరే, గుహలో రాణి సంగతి సగంలో ఆపేశావు. ఏమైంది తర్వాత?" అన్నాడు. పిన్ని చెప్పింది. రోజూ కథ చివర ఆఖరి అలకు రాణిని ఒడ్డున పడేసే మనిషి, ఆ రోజు రాణిని ముంచేసింది.

ఇంకో కుర్ర డాక్టరు దగ్గరికి పోతే, ఆయన మాట పూర్తిగా వినకుండానే కెమెరా ఆమె చేతిలో పెట్టి, "వెనక సముద్రం పడేలా తియ్యండి" అన్నాడు. తీసింది. సముద్రం పడింది.

"ఆ నిమ్మకాయ డాక్టరమ్మ ఉందిగా" అన్నాను.

ఆమె బల్ల మీద తల వాల్చి ఉంది. పిన్ని నీళ్ల సీసా తీసుకుని వెళ్లింది. జుట్టు వెనక్కి పట్టుకుంది, వీపు రాసింది, తిరిగొచ్చేసింది.

"అడగలేదా?"

"కడుపులో పేగులు నోట్లోకొచ్చిన మనిషిని కళ్ల గురించి ఏమడగనురా?"

నాకు ఒళ్లు మండింది. "ఇలా జాలిపడుతూ కూర్చో, ఆయన కళ్లు పోతాయి" అన్నాను. పిన్ని నా వైపు చూసిన చూపు బాగాలేదు. "బండ దగ్గర అడుగుతా" అంది.

బండ దగ్గర ఎవరూ ఎవరి మాటా వినలేదు. రోజూ లాగే వెలుగుండగానే బయల్దేరాలని బాబాయి పొద్దున్నే గట్టిగా చెప్పాడు. చీకట్లో ఆయనకు మిగిలిన ఆ నడిమి చూపు కూడా మసకేస్తుంది. పిన్ని మైకులో రెండుసార్లు పిలిచింది. నేను జెండా ఊపాను. "సూర్యుణ్ణి సగంలో వదిలేసి రమ్మంటావా?" అన్నాడు అధ్యక్షుడు. ఆఖరి ఎరుపు కూడా ఆరేదాకా ఫొటోలు తీసుకున్నారు. వాళ్లు ఎక్కేసరికి బాబాయి లైట్లు వేసి, స్టీరింగు రెండు చేతులతో బిగించి పట్టుకుని ఉన్నాడు.

"కుడి వైపు చూడండి" అని పిన్ని మొదలుపెట్టింది.

"చీకట్లో ఏం చూడమంటారమ్మా!" అని ఒకాయన లేచి వచ్చాడు. పొద్దున్నుంచి కూనిరాగాలు తీస్తున్నవాడు. "పొద్దున్నుంచి మీరే మాట్లాడారు, ఇక మా పాట వినండి" అని నవ్వుతూ మైకు లాగేసుకున్నాడు. బస్సంతా కేకలు, చప్పట్లు. ఆయన పాడటం మొదలుపెట్టాడు.

"సార్, మైకివ్వండి, దారి చెప్పాలి" అంది పిన్ని.

"దారి డ్రైవరుకి తెలీదా?"

పిన్ని మైకు లేకుండానే అరవడం మొదలుపెట్టింది. "కుడి వైపు సైకిలు! ఎడమ వైపు గోడ!" వాళ్లు ఆమె పాటకు తాళం వేస్తోందనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నేను సీట్లు పట్టుకుని ముందుకు ఉరికాను. "మైకివ్వండి సార్!" అని చెయ్యి చాపితే, "కూర్చో బాబూ" అని ఎవరో చొక్కా పట్టుకుని లాగారు. రేవు మలుపు వచ్చింది. ఎడమ సందులోంచి ఐసు బండి తోసుకుంటూ ఒకతను వస్తున్నాడు. పిన్ని గొంతు చించుకుని "ఎడమ! ఎడమ!" అంది. చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు. బాబాయికీ వినపడలేదు.

దడాలున శబ్దం. బండి తిరగబడింది. ఐసు దిమ్మలు రోడ్డంతా జారిపోయాయి. నిదానం నిదానంగా నడపడం వల్ల, ఆ బండివాడు పక్కకు దూకడం వల్ల ప్రాణాలు పోలేదు. అతను మోచెయ్యి పట్టుకుని లేచి, బస్సు ముందుకొచ్చి బాబాయి మొహం మీద అరిచాడు.

"కళ్లు కనపడట్లేదా నీకు? అవి కళ్లా, గోలీలా?"

ఆ రోజు బాబాయికి ఏ జబ్బో సరిగ్గా చెప్పింది అతనొక్కడే.

డాక్టర్లు ముందుకు ఎగబడ్డారు. "తాగాడు!" అని మొదట అన్నది పాట పాడినాయన. అధ్యక్షుడు వచ్చి, "ఊదు" అన్నాడు. బాబాయి మొహానికి జానెడు దూరంలో మొహం పెట్టి వాసన చూశాడు. జానెడు దూరంలో రెండు కళ్లున్నాయి. ఆయనకు ముక్కే పనిచేసింది. "వాసన రాకుండా ఏదో వేసుకుంటార్లే వీళ్లు. కంపెనీకి ఫోన్ చేయండి" అన్నాడు.

బాబాయి తల దించుకుని, "తాగానండీ" అన్నాడు.

నేను చెవులను నమ్మలేకపోయాను. అంతలోనే అర్థమైంది. తాగి దొరికిన డ్రైవర్లను కంపెనీ కొన్నాళ్లు పక్కన పెట్టి మళ్లీ ఎక్కించుకుంటుంది. అది మామూలే. కళ్లు పోయినవాణ్ణి ఎక్కించుకోదు. జీవితంలో ఒక్క అబద్ధమూ ఆడని మనిషి, ఆ ఒక్కటీ తన సీటు కోసం ఆడాడు. బస్సులో అందరికీ ఊరట కలిగింది. తాగుబోతు డ్రైవరు. అందరికీ తెలిసిన కథే. ఇక దాని గురించి ఆలోచించే పని లేదు.

మైకు సీటు కింద పడి ఉంది. పిన్ని వంగి తీసుకుంది.

"ఆయన తాగలేదు" అంది మైకులో. "తాగడం రాదు ఆయనకి. స్టీరింగు దగ్గర కూర్చున్నది నా మొగుడు. ఆయనకి పక్కలు కనపడవు. పొద్దున్నుంచి మీకు చూపించిన మేకలూ సైకిళ్లూ మీ కోసం కాదు. మిమ్మల్ని మోసం చేశాం. మీ ప్రాణాలతో, ఈ బండివాడి ప్రాణంతో ఆడుకున్నాం. కంపెనీకి చెప్పండి, పోలీసులకి చెప్పండి, ఏమైనా చేసుకోండి. కానీ ముందు ఎవరైనా ఒక్కరు ఆయన కళ్లు చూడండి. పొద్దున్నుంచి ఇదే అడుగుతున్నాను. బస్సు నిండా మీరే ఉన్నారు కదయ్యా!"

 అందరూ ఒకేసారి మాట్లాడారు. హంతకులన్నారు, జైలన్నారు. వాళ్లను తప్పుపట్టను. ఆ సీట్లో నేనున్నా అదే అరిచేవాణ్ణి. నన్ను మండించింది అరుపు కాదు. పక్కచూపు ఆనట్లేదని మధ్యాహ్నం చెబితే నవ్వొచ్చిన మాట, తమ ప్రాణం మీదికొచ్చేసరికి నేరమైపోవడం.

వెనక నుంచి నిమ్మకాయ డాక్టరమ్మ అందరినీ తోసుకుంటూ వచ్చింది. మొహం ఇంకా పాలిపోయే ఉంది. బాబాయి ఎదుట ఇంజను మూత మీద, పిన్ని రోజూ కూర్చునే చోట కూర్చుంది.

"ఒక కన్ను మూసుకోండి. నా ముక్కు చూడండి. ముక్కే. నా వేలు ఎప్పుడు కనపడితే అప్పుడు చెప్పండి."

వేలు ఆమె భుజం అవతలి నుంచి మెల్లగా లోపలికి వచ్చింది. మాకందరికీ కనపడుతోంది. బాబాయి మాట్లాడలేదు. చెవి దాటింది. చెంప దాటింది. ముక్కు దగ్గరికొచ్చాక "ఇప్పుడు" అన్నాడు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంతసేపూ అరిచినవాళ్లు మెడలు సాచి చూస్తున్నారు. అధ్యక్షుడు పక్కాయన చెవిలో, "మంచి కేసు" అన్నాడు. పొద్దున్నుంచి మనిషిగా చోటు దొరకని వాడికి, కేసుగా దొరికింది.

ఆ రాత్రి కంపెనీ ఇంకో డ్రైవర్ని పంపి బస్సు తెప్పించుకుంది. మర్నాడు పొద్దున హాలు ఖాళీ చేస్తున్నాం. యంత్రాల దుకాణం వాడు అన్నీ పెట్టెల్లో సర్దుతుంటే, డాక్టరమ్మ ఒకదాన్ని ఆపించి, ఊరికెళ్లే ముందు బాబాయిని దాని ముందు కూర్చోబెట్టింది. నేను కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ చూశాను. బాబాయి గడ్డం దాని మీద ఆనించి, బడిలో చేరిన కొత్త పిల్లాడిలా కూర్చున్నాడు. ఎడమ కన్ను దాదాపు పోయిందని, కుడి కంట్లో మధ్యలో ఉన్నది నిలబెట్టుకోవచ్చని చెప్పింది. చుక్కల మందు తన సంచిలోంచి తీసి పిన్ని చేతిలో పెట్టింది. బండి నడపడం ఇక లేదని కూడా చెప్పింది. అంతా చెప్పాక తనే ఉండబట్టలేక, "ఒక రెండేళ్ల ముందు వచ్చి ఉంటే ఎంత బావుండేదమ్మా!" అంది.

"రెండేళ్ల ముందు మీరు మా బస్సెక్కలేదమ్మా" అంది పిన్ని.

డాక్టరమ్మ సంచి మూసుకుని లేచింది. నేను నిచ్చెనెక్కి బ్యానరు విప్పాను. మడత పెట్టే ఓపిక లేక, దుమ్ము పడకుండా కుర్చీల దొంతర మీద కప్పాను. చిట్టచివరి మనిషి కుర్చీల వెనక్కి పోయాడు, ‘దాకా చూపు’ ఒక్కటే పైకి కనిపించింది.

కంపెనీ బాబాయిని తీసేసింది. తియ్యాల్సిందే. పొడుగాయన వచ్చి, షెడ్డులో ఇంకో గుడ్డ ఖాళీగా ఉందని చెబితే, బాబాయి చాలాసేపు నవ్వాడు. ఎందుకో నాకు తెలియలేదు. పిన్నిని మాత్రం ఉంచారు. ఆమె కథల కోసం అడిగి వచ్చే జనమున్నారు. ఐసు బండివాడి దగ్గరికి బాబాయిని నేనే తీసుకెళ్లాను. క్షమించమని అడగబోతే అతను ఆపేశాడు. "బండి సంగతి తర్వాత. కళ్లకి ఏమన్నారయ్యా?" అన్నాడు. ఊరు మొత్తంలో ఆ మాట అడిగింది అతనొక్కడే.

కొత్త డ్రైవరు కుర్రాడు. కళ్లు బాగున్నాయి. మొదటిరోజే విసుక్కున్నాడట. "అక్కా, కొంగల్ని చూపించు, కాదనను. లారీల్ని కూడా ఎందుకు చూపిస్తావు? నాకు కళ్లున్నాయి."

"ఉంటే చూడు, నీదేం పోయింది?" అందట పిన్ని. ఇప్పటికీ చూపిస్తూనే ఉంది.

సాయంత్రం పని నుంచి వచ్చాక చుక్కలు వేసి, ఆయన్ను సముద్రం దాకా నడిపించుకుపోతుంది. నేను వెనక నడుస్తాను. ఆమె ఎప్పుడూ ఆయన ఎడమ పక్కనే.

"ఎడమ వైపు గుంట" అంది నిన్న.

"ఉత్త గుంటేనా? కథ లేదా దానికి?"

"ఉంది. ఒక డ్రైవరు పెళ్లాం మాట వినకుండా మూడేళ్లు బండి నడిపి అందులో పడ్డాడంట."

"నువ్వు ఎప్పుడు వద్దన్నావే?" అన్నాడు బాబాయి.

 పిన్ని ఆ గుంట దాటేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.